మూసీ నది

మూసీ కృష్ణా నదికి ఉపనది. పురాణాల్లో దీని పేరు ముచికుంద. వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు తూర్పు, ఆగ్నేయ దిశల్లో ప్రవహించి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌లో బాపూఘాట్ వద్ద ఈసీ నది దీనిలో చేరుతుంది.

స్వభావం: దక్కన్ పీఠభూమిలోని గట్టి గ్రానైట్ రాయి నీటిని ఎక్కువగా నిల్వ ఉంచుకోదు. మంచు కరిగి వచ్చే నీరూ లేదు. అందువల్ల సహజంగా మూసీ వానాకాలపు నది. వేసవిలో ఎండి, కుండపోత వానకు ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమంది ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో వరద నియంత్రణకు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వెలిశాయి.

నాగోల్ వద్ద: నగరం దాటే చోట, ఉప్పల్, నాగోల్‌ల మధ్య నది ఏడాది పొడవునా పారుతుంది. అది ఎగువ నుంచి వచ్చే ఊటనీరు కాదు, నగరపు మురుగునీరు. నాగోల్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. 2020 అక్టోబరు వరదల్లో నది తన పాత ఉధృతిని మళ్లీ చూపింది.

దిగువన: నగరం నుంచి వచ్చే ఈ మురుగునీటితోనే రైతులు వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తున్నారు. సూర్యాపేట సమీపంలోని మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. దిగువ పల్లెల ఆరోగ్యం నగరం వదిలే నీటి శుద్ధిపైనే ఆధారపడి ఉంది.