నావికునికి గాలి కబురు

పెద్దకొడప్‌గల్‌లో కడలి ఘోష వినబడదు. ఆ ఊరికీ బంగాళాఖాతమునకూ నడుమ నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన మెట్టనేల ఉన్నది. “చేపల వేటకు సముద్రములోనికి వెళ్ళరాదు” అన్న హెచ్చరిక రేడియోలో వినబడినప్పుడు, అది మనకు సంబంధించినది కాదని అక్కడి గృహస్థు తలచుట సహజము. కాని ఆ ప్రాంతపు వాననీరు మంజీరలో పడి, కందకుర్తి వద్ద గోదావరిలో కలసి, సముద్రమునకే చేరుతున్నది. ఆ వానలో చాలావరకు బంగాళాఖాతపు అల్పపీడనములు తెచ్చి ఇచ్చినదే. అందుచేత గోదావరి ముఖమున ఉన్న కోరంగి కథను ఆ ఊరివారికి కూడ చెప్పదలచినాము.

తెరచాప ఓడల కాలమున కోరంగి పేరుమోసిన రేవు. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే దాని ప్రసిద్ధి ఎంతటిదో ఊహించుకోవచ్చును. 1789 డిసెంబరులో పెనుగాలి వెంట మూడు మహాతరంగములు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ పట్టణముపై పడినవి. రేవులోని ఓడలు మైదానములోనికి కొట్టుకొనిపోయినవి. సుమారు 20,000 మంది మరణించారు. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చినది. అందులో మూడు లక్షలమంది మరణించారని కొందరు వ్రాస్తుంటారు కాని, ఆ లెక్క మాకు నమ్మదగినదిగా తోచదు.

కలకత్తాలో ఓడప్రమాదములపై విచారణ జరిపే న్యాయస్థానమునకు హెన్రీ పిడ్డింగ్టన్ అధ్యక్షుడు. ఆయన తుఫానులలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను తెప్పించి, ఏ వేళ గాలి ఏ దిక్కునుండి వీచినదో పోల్చి చూచారు. కోరంగి ఉప్పెన కూడ ఆయన పరిశీలించిన వాటిలో ఒకటి. గాలి సూటిగా రాదని, పాము చుట్టవలె చుట్టలు తిరుగుతుందని గ్రహించి, గ్రీకు మాటను ఆధారము చేసికొని ‘సైక్లోన్’ అని పేరు పెట్టారు. 1848లో నావికుల కొరకు ప్రచురించిన గ్రంథముతోపాటు, వలయములు గీసిన పారదర్శకమైన కొమ్ము రేకులను అందజేశారు. నావికుడు ఆ రేకును సముద్రపటముపై ఉంచి, తనకు తగులుతున్న గాలి దిక్కునకు సరిపెట్టుకొంటే తుఫాను కేంద్రము ఎక్కడ ఉన్నదో తెలిసేది. రేకు లేనివానికీ ఒక ఉపాయము ఉన్నది. మన సముద్రములో గాలికి వీపు పెట్టి నిలబడితే, కేంద్రము ఎడమచేతి వైపున, కొంచెము ముందుకు ఉంటుంది. బారోమీటరు ప్రతిదినము పడి లేచే క్రమమును తప్పి దిగజారినదంటే ఇక ఆలస్యము చేయరాదు.

అయినను ఒంటరి ఓడకు తెలిసేది తన చుట్టూ ఉన్న గాలి మాత్రమే. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నము ఉప్పెన పాలైనవి. మచిలీపట్నములోనే సుమారు 30,000 మంది పోయారు. మరుసటి సంవత్సరము కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు ఆరంభమైనవి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1898 నుండి రేవులన్నిటికీ ఒకే తీరు సంకేతములు వచ్చినవి: పగలు కొయ్యలపై శంకువులు, పీపాలు, రాత్రి ఎరుపు తెలుపు దీపములు. పదకొండు సంకేతములలో చివరిది మాకు మిక్కిలి విచిత్రముగా తోచును. అది ఎగురుతున్నదంటే, వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినదని, ప్రమాదము పొంచి ఉన్నదని రేవు అధికారి భావిస్తున్నారని అర్థము. కబురు రాకపోవుట కూడ ఒక కబురే అయినది!

కబురు అందినంత మాత్రమున ప్రాణము దక్కదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన పడకముందే హెచ్చరికలు వెలువడినవి. అయినను సుమారు పదివేలమంది మరణించారు. 1990 మే నెలలో అంతటి ఉగ్రమైన తుఫానే కృష్ణా ముఖద్వారము వద్ద తీరము దాటినది. కాని లక్షకు పైగా జనమును ముందే తరలించుటచేత మృతుల సంఖ్య వెయ్యికి లోబడినది.

ఇక మెట్టప్రాంతములు సురక్షితమని అనుకోరాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదకు మూలము బంగాళాఖాతమున పుట్టిన తుఫానే. ఆ నగరముననే 1999లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రము వెలసినది. అలల ఎత్తు, గాలి వేగము, ప్రవాహముల పోకడ లెక్కగట్టి, ఓడలకూ పడవలకూ రానున్న దినముల సముద్రస్థితిని అది తెలుపుతున్నది. కాకినాడ జాలరి వల సర్దుకొనవలెనా, పడవను ఒడ్డునకు లాగుకొనవలెనా అన్నది తేల్చే అంకెలు సముద్రమే లేని తెలంగాణమునుండి పోతున్నవి.