ముక్కు దారిలో ఆగిపోయిన మందు

బతుకమ్మ పండుగో, వేములవాడ రాజన్న మొక్కో దగ్గర పడితే కరీంనగర్, ఆదిలాబాద్ మందుల దుకాణాల్లో ఆడవాళ్లు గొంతు తగ్గించి అడిగే మాత్ర ఒకటుంది. నెలసరిని నాలుగు రోజులు వాయిదా వేసే ఆ మాత్రలోని మందు నోరెథిస్టిరోన్. 1951లో మెక్సికోలోని సింటెక్స్ ప్రయోగశాలలో కార్ల్ జెరాసీ బృందం దీన్ని తయారుచేసింది. తర్వాత గర్భనిరోధక మాత్రల్లో చేరింది. దాన్ని ముక్కులో కొట్టే స్ప్రేగా పరీక్షించింది మాత్రం మన దేశంలోనే.

మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. అండం విడుదలకు ఆజ్ఞ వెళ్లేదేమో మెదడు నుంచి. ముక్కు ద్వారా నేరుగా మెదడుకు పంపితే కొద్దిపాటి మందే సరిపోదా అని ఢిల్లీ ఎయిమ్స్‌లో టి.సి.ఆనంద్ కుమార్ ఆలోచించారు. రీసస్ కోతుల ముక్కుల్లో ప్రొజెస్టెరాన్, నోరెథిస్టిరోన్ చల్లితే అండం విడుదల ఆగింది. 1977లో ‘నేచర్’ పత్రిక ఆ ఫలితాన్ని ప్రచురించింది.

రెండేళ్లకు స్వీడన్ వైద్యులు బుసెరెలిన్ స్ప్రేను మహిళల్లోనే పరీక్షించి ‘లాన్సెట్’లో రాశారు. పిట్యూటరీ గ్రంథిని నడిపే మెదడు హార్మోన్‌కు ఇది నకలు. మింగితే కడుపులోనే అరిగిపోతుంది కాబట్టి ముక్కు దారి పట్టించారు. అసలు హార్మోన్ ఆగి ఆగి వస్తుంది. నకలు రోజూ అందుతుంటే పిట్యూటరీ మొద్దుబారి అండం విడుదల ఆగిపోతుంది. కానీ దాంతోపాటు ఈస్ట్రోజన్ కూడా పడిపోతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకల్లో పలచదనం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఏళ్ల తరబడి వాడే మందు కాదది. చివరికి ఎండోమెట్రియోసిస్‌కూ, సంతానలేమి చికిత్సకూ పనికొచ్చింది. ఆనంద్ కుమార్ కూడా అటే నడిచారు. 1986లో ముంబయిలో డాక్టర్ ఇందిరా హిందుజాతో కలిసి టెస్ట్‌ట్యూబ్ బేబీ హర్ష పుట్టుకకు కారకులయ్యారు.

నోరెథిస్టిరోన్ మాత్రం తెలుగు నేలకు సూది రూపంలో వచ్చింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మహిళలను రప్పించారు. వేయబోయేది ఇంకా ప్రయోగ దశలోని ఇంజెక్షన్ అని వాళ్లకు సరిగా చెప్పలేదు. హైదరాబాద్‌లోని మహిళా సంఘం ‘స్త్రీ శక్తి సంఘటన’ అడ్డుకుంది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. కాన్పుకూ కాన్పుకూ ఎడం కోరేవాళ్ల కోసం 2017లో ప్రభుత్వం ‘అంతర’ ఇంజెక్షన్ తెచ్చింది. మందు వేరు, మూడు నెలలకో సూది. నెలసరి గతి తప్పొచ్చని, అసలు రాకపోవచ్చని ఏఎన్ఎం ముందే చెప్పాలి. పటాన్‌చెరులో లోపించింది ఆ మాటే.