ఉష్ణవాహక ద్రవములు – జపాను నూనె వ్యాధి

రసవైద్యులు కొన్ని ఔషధముల కుప్పెను నేరుగా నిప్పుపై నుంచరు. ఇసుక నింపిన కుండలో దానిని పాతి, కుండ క్రింద మంట పెట్టుదురు. దీనికి వాలుకాయంత్రమని పేరు. మంటకును మందునకును నడుమ ఇసుక మధ్యవర్తి. నేటి కర్మాగారములలో ఈ పనిని నెరవేర్చునవి కృత్రిమముగా తయారైన ఉష్ణవాహక ద్రవములు.

నీరు చాలదా యని పెద్దలడుగవచ్చును. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు కడ మరుగును. 250 డిగ్రీల వేడిలో దానిని ద్రవముగానే నిలుపవలెనన్న, మన చుట్టునున్న గాలి ఒత్తిడికి సుమారు 40 రెట్లు కావలయును. అంతటి ఒత్తిడికి ఓర్చు పాత్రలు ప్రియము, పగిలెనా, ప్రాణాపాయము. కావున రసాయనశాస్త్రజ్ఞులు డైఫినైలును డైఫినైల్ ఆక్సైడును కలిపి, 257 డిగ్రీల వరకు మరుగని ద్రవమును సిద్ధపరచిరి. ఇది నేటికిని వాడుకలో నున్నది. ఘాటైన వాసన గలది గనుక, చుక్క కారినను ముక్కునకు తెలియును. అయితే నిప్పంటుకొనును.

1929లో అమెరికాలో విక్రయమునకు తయారుకాజొచ్చిన పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లు, అనగా పీసీబీలు, సులభముగా మండవు. ఏండ్ల తరబడి చెడవు. యంత్రజ్ఞులు వానిని వరముగా తలచిరి. ఆ చెడకుండుటయే తరువాత శాపమైనది.

జపానులోని కిటాక్యూషూ నగరమున ఒక తవుడు నూనె కర్మాగారముండెను. తవుడు నూనెకు సహజమైన వాసనను పోగొట్టుటకు, గాలి తీసివేసిన పాత్రలో దానిని 200 డిగ్రీలకు మించి కాచెడివారు. పాత్రలో చుట్టలు చుట్టిన ఉక్కు గొట్టము. గొట్టములో కాగిన పీసీబీ. 1968లో ఆ ద్రవము నూనెలోనికి కారెను. గొట్టమునకు సన్నని బెజ్జములు పడెనని తొలి పరిశోధకులనిరి. మరమ్మతువేళ వెల్డింగులో జరిగిన పొరపాటని తరువాత కొందరు వాదించిరి. ఎట్లు కలిసినను, తినువారికి తెలియలేదు.

ఆ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో పశ్చిమ జపానున లక్షల కొలది కోళ్లు చచ్చెను. వాని దాణాలో కలిసిన నల్లనూనె ఆ కర్మాగారపు ఉపఫలమే. అధికారులు దాణా వరకే విచారించి, మనుష్యులు తిను నూనె జోలికి పోరైరి. నా మట్టుకు, గొట్టము కారుటకన్న ఈ ఉపేక్షయే క్షమింపరానిది. నోరులేని కోళ్లు సాక్ష్యము చెప్పినవి, వినువారు లేకపోయిరి.

పిదప మనుష్యులకు ఒడలెల్ల మొటిమలు లేచెను, గోళ్లు నల్లబడెను, కాలుసేతులు తిమ్మిరెక్కెను. కొందరు తల్లులకు నల్లని చర్మముతో శిశువులు పుట్టిరి. అక్టోబరులో క్యూషూ విశ్వవిద్యాలయ వైద్యులు పరిశోధనకు పూనుకొని, కొలది వారములలోనే పీసీబీని పట్టిరి. వ్యాధికి యుషో, అనగా నూనె వ్యాధి, యని పేరు వచ్చెను. సుమారు 14,000 మంది మొరపెట్టుకొనగా, రోగులుగా గుర్తింపు పొందినవారు అందులో కొద్దిపాలే.

అంతటితో నిజమంతయు బయటపడలేదు. పదేపదే కాగిన పీసీబీలో డైబెంజోఫ్యూరానులను మరింత తీవ్రమైన విషములు పుట్టునని 1970ల నడుమ తేలెను. రోగిని గుర్తించు ప్రమాణములలో వీనిని చేర్చునప్పటికి 2004 వచ్చెను. ఆసరికి రోగులలో ఎందరో గతించిరి.

జపాను 1972లో పీసీబీల తయారీని ఆపి, 1973లో రసాయనములపై చట్టము చేసెను. ఐనను 1979లో తైవానునందు అదే తవుడు నూనె, అదే ద్రవము. సుమారు 2,000 మంది రోగులైరి. వారిలో ఒక అంధుల పాఠశాల పిల్లలును ఉండిరి.