జొన్న గట్క నుంచి పొడి డబ్బా దాకా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో చెరువుల కింద వరి పండినా, చెలక నేలను నమ్ముకున్న పేద ఇంట ఒకప్పుడు పూటపూటా ఉడికింది జొన్న గట్కే. జొన్న తప్ప వేరే తిండి అంతగా ఎరుగని తెలంగాణ పేదల్లో, ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేచి, విరేచనాలు పట్టుకొని, చివరికి మతి చలించే పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. నయాసిన్ అనే బి-విటమిన్ కొరతే దీనికి మూలం. మొక్కజొన్న తినే దేశాల్లో ఈ జబ్బుకు కారణం తెలిసిందే. ఆ గింజలో నయాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉండటమే కాక, శరీరం నయాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. జొన్నలో ఆ లోపాలు అంతగా లేకపోయినా జబ్బు ఎందుకు వస్తున్నదన్నదే చిక్కుముడి.

1950ల చివర కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయంలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య ఈ ముడిని పట్టుకొని, ప్రోటీన్లకు ఇటుకల వంటి అమైనో ఆమ్లాలలో ఒకటైన ల్యూసిన్ జొన్నలో మోతాదు మించి ఉండి నయాసిన్ తయారీకి అడ్డుపడుతున్నదని 1960లో ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతంపై తర్వాత వాదాలు నడిచినా, పోషకం కొరత వల్లనే కాక సాటి పోషకాలతో దాని పొత్తు చెడినా జబ్బు చేయవచ్చునన్న చూపు ఇచ్చినందుకు అది గొప్ప పరిశోధన.

అదే ల్యూసిన్ నేడు కండ పెంచే పొడిగా డబ్బాల్లో అమ్ముడవుతున్నది. అయితే అందరికీ దాని కొరత ఉండదు; స్థూలకాయుల రక్తంలో ల్యూసిన్, దాని జాతి అమైనో ఆమ్లాలైన ఐసోల్యూసిన్, వేలిన్ అప్పటికే హెచ్చుగా ఉంటాయనీ, అది ఇన్సులిన్ స్థాయితో ముడిపడి ఉంటుందనీ అమెరికాలో ఫిలిప్ ఫెలిగ్ బృందం 1969లోనే చూపింది.

స్థూలకాయంలో దెబ్బతినే రక్తనాళాల కథ మరో అమైనో ఆమ్లం ఆర్జినిన్‌ది. నాళం లోపలి పలుచని పొర ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని సడలిస్తుంది. ఆ వాయువు పాత్రను వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి దక్కింది. స్థూలకాయంలో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ చురుకెక్కి ఆర్జినిన్‌ను దారి మళ్లించడం వల్ల నాళాలు బిగుసుకుంటాయి. నోటి ద్వారా తీసుకున్న ఆర్జినిన్‌లోనూ చాలా భాగం పేగులలో, కాలేయంలో విరిగిపోతుంది కనుక, పుచ్చకాయలో దొరికే సిట్రులిన్ వైపు పరిశోధకుల దృష్టి మళ్లింది; అది కాలేయాన్ని దాటిపోయి మూత్రపిండాల్లో ఆర్జినిన్‌గా మారుతుంది. చిన్న అధ్యయనాలు కొన్నింటిలో నాళాల సడలింపు మెరుగుపడింది, కొన్నింటిలో పడలేదు.

కొరతను పూరించడమే కదా అన్న ధీమాతో ఈ పొడులను వైద్యుని అడగకుండా మింగడం ప్రమాదం. గుండెపోటు వచ్చిన 153 మందిపై జరిగి 2006లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో, ఆర్జినిన్ తీసుకున్నవారిలో నాళాలు మెత్తబడకపోగా ఆరుగురు మరణించారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో ఒక్కరూ చనిపోలేదు. దాంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపివేశారు.