మూడో కప్పు దాకా

బళ్ళో నా పేరు ఇథియోపియా. అయిదో తరగతిలో పెట్టారు, పదో తరగతి దాకా వదల్లేదు. అప్పట్లో నేను పుల్లలా ఉండేదాన్ని. 1984-85 నాటి కరువు ఫోటోలు అందరికీ గుర్తున్న రోజులు అవి. కంచంలో అన్నం వదిలేస్తే అమ్మ కూడా ఆ దేశం పేరెత్తే తిట్టేది. అలాంటి దేశానికి నేను విమానమెక్కి వెళ్తానని, అక్కడ పొట్ట పగిలేలా తిని వస్తానని ఎవరనుకున్నారు!

పెదనాన్నగారబ్బాయి గోందర్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. వదిన "ఒక్కసారి రావే" అని రెండేళ్ళు పోరితే ఒక డిసెంబర్‌లో బయల్దేరాం. నేను మాత్రం సూట్‌కేసులో సగం కందిపొడి, గోంగూర పచ్చడి, అటుకులు సర్దుకుని వెళ్ళాను. వదిన చూసి నవ్వింది. "ఇవన్నీ నాకిచ్చెయ్, నువ్వు ఇంటావిడ దగ్గర తిను" అంది.

ఇంటావిడ వంటగదిలో మొదట చూసింది పిండి పులియబెట్టిన పెద్ద బకెట్టు. ఆ వాసన చూసి ప్రాణం లేచొచ్చింది, అచ్చం మన దోసెల పిండే. కాకపోతే బియ్యం, మినప్పప్పు కాదు, తెఫ్ అనే గింజ. ఆవగింజ కన్నా, రాగుల కన్నా సన్నం. గుప్పెట పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. ఆ పిండిని పాత పిండి మీద తేరిన నీళ్ళతో తోడేసి రెండు మూడు రోజులు ఉంచుతారు. కొంచెం పిండిని వేడినీళ్ళలో జావలా ఉడికించి మళ్ళీ అందులోనే కలుపుతారు. రెండడుగుల మట్టి పెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టలుగా పోసి మూత పెడతారు. తిరగెయ్యరు. పైన పడే చిల్లులని 'కళ్ళు' అంటారు. కళ్ళు సరిగ్గా పడకపోతే ఆ రోజు ఇంటావిడ మొహం చూడాలి! దోసె చిల్లులు పడకపోతే మన మొహాలూ అంతే కదా. అదే ఇంజెరా.

మేం వెళ్ళిన నెలంతా వాళ్ళకి ఉపవాసం. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న. అప్పటిదాకా ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. అది కాక ఏడాది పొడుగునా బుధ, శుక్రవారాలు. శాకాహారిని కదా, ఏం తిని బతకాలో అని వెళ్ళినదాన్ని, పండక్కి వెళ్ళినట్టయింది. ఇంజెరా మీద షిరో వడ్డించారు. వేయించిన శనగపిండిలో మసాలా వేసి ఉడికించిన ముద్ద కూర. మా ఇంట్లో పూరీలోకి చేసే బొంబాయి చట్నీకి పెద్దక్క అనుకోండి. పక్కన ఎర్రగా మసూర్ పప్పు. ఉల్లిపాయలు ముందు నూనె లేకుండా చాలాసేపు మగ్గించి, అప్పుడు బెర్బెరె కారం వేస్తారు. ఆ కారం లేనిదే వాళ్ళకి వంట లేదు. కానీ మిరపకాయ మనకి లాగే వాళ్ళకీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, అయిదొందల ఏళ్ళ లోపు చుట్టం.

అందరిదీ ఒకటే పళ్ళెం, కుడిచేత్తోనే తినాలి. మధ్యలో ఇంటావిడ ఒక ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. గుర్షా అంటారట. కాదనకూడదు. పెళ్ళయ్యాక నాకు ముద్ద కలిపి పెట్టినవాళ్ళెవరా అని ఆలోచిస్తే ఎవరూ గుర్తు రాలేదు.

వచ్చాక ఆ దేశం చరిత్ర వెతుక్కుని చదివాను. నాకు బాగా నచ్చిన మనిషి తైతు మహారాణి, మెనెలిక్ చక్రవర్తి భార్య. రాజధానికి అడిస్ అబాబా అని, అంటే 'కొత్త పువ్వు' అని పేరు పెట్టింది ఆవిడే. 1887లో ఎంటోటో మరియం చర్చి ప్రతిష్ఠకి రోజుల తరబడి విందు చేయించింది. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన యుద్ధానికి తన సొంత దళంతో వెళ్ళింది. 1898లో ఆ దేశపు తొలి హోటల్ పెట్టింది కూడా ఆవిడే. ఆ విందుకీ ఆ యుద్ధానికీ మధ్యన ఒక మహా కరువు ఉంది. 1888 నుంచి 1892 దాకా. బయట నుంచి వచ్చిన పశువుల రోగంతో ఎడ్లన్నీ చచ్చిపోతే దున్నే దిక్కు లేకపోయింది. జనాభాలో మూడో వంతు పోయారని చరిత్రకారుల అంచనా.

ఇక కాఫీ. రోజుకి రెండు మూడు సార్లు. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు కడిగి బొగ్గుల మీద మూకుడులో వేయిస్తారు. ఆ పొగని అందరి దగ్గరికీ తెచ్చి చూపిస్తారు, మనం హారతి కళ్ళకద్దుకున్నట్టు చేత్తో దగ్గరికి తీసుకోవాలి. దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. పక్కన పేలాలు. మూడు విడతలు: అబోల్, తోనా, బెరెకా. బెరెకా అంటే దీవెన. అది తాగకుండా లేవడం మర్యాద కాదు. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా బొగ్గుల ముందు కూచునేది మాత్రం ఆడపిల్లే. ఆ ఇంట్లో ఉండి చదువుకుంటున్న మేనకోడలు ఒకత్తి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గింజలు వేయించేది.

ఇదంతా వేల ఏళ్ళ ఆచారం అనుకున్నాను. కాదు. కాఫీ చెట్టు పుట్టిల్లు ఆ దేశపు నైరుతి అడవులే. అక్కడి నుంచి యెమెన్ చేరితే, పదిహేనో శతాబ్దంలో సూఫీలు రాత్రి జపాలకి నిద్ర రాకుండా తాగారు. బాబా బుడన్ చిక్కమగళూరుకి ఏడు గింజలు తెచ్చాడన్న కథ మనకి తెలిసిందే. మేకల కాపరి కథ 1671లో రోమ్‌లో అచ్చయింది, అందులో కాపరికి పేరే లేదు. కాల్డి అన్నది తర్వాత అతికించిందే. గోందర్ లాంటి ఎత్తు ప్రాంతపు క్రైస్తవులేమో, ముస్లింలూ ఒరోమోలూ తాగేదని కాఫీని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. మెనెలిక్ కాలానికి గానీ ఆ పట్టింపు సడలలేదు. మా నాయనమ్మ అత్తగారు కాఫీ గిన్నెని వంటింటి గడప దాటనిచ్చేది కాదట. ఆవిడ పోయాక ఆ ఇంట్లోనే రోజుకి నాలుగుసార్లు డికాషన్ దిగేది!

బయల్దేరే ముందురోజు మూడో విడత పోస్తుండగా ఇంటావిడ తల్లి నాతో మాట్లాడాలంది. పెద్దావిడది వొల్లో ప్రాంతం. కరువులో నడిచి వచ్చారట. ఇద్దరు పిల్లలతో బయల్దేరి ఒకరితో చేరిందట. మేనకోడలు ఇంగ్లీషులోకి మార్చి చెప్తోంది. కథంతా అయ్యాక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది, "చిన్నప్పుడు మీ ఊళ్ళో మా దేశం గురించి ఏం చెప్పుకునేవారు?" అని.

వదిన నా వైపు చూసింది. బళ్ళో నా పేరు తనకి తెలుసు.

"కాఫీ గురించి చెప్పుకునేవాళ్ళమండీ" అన్నాను.

పెద్దావిడ బోసినోటితో నవ్వి, పేలాల పళ్ళెం నా ముందుకి జరిపింది.