గాజు పూత లేని కుండ

పుష్య అమావాస్య దగ్గర పడుతోందంటే మా హాస్టల్లో సగం మంది పిల్లల మనసు పుస్తకాల మీద ఉండదు. కెస్లాపూర్ నాగోబా జాతర ముచ్చట్లే. గంగాజలం కోసం ఎవరెవరు నడిచి వెళ్లారు, సిరికొండ కుమ్మరులకు కొత్త కుండలు చెప్పి వచ్చారా లేదా, అన్నీ వాళ్లకు కావాలి. అలాంటి ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "మేడం, దేవుని దగ్గరికి పోయే కుండకు మెరుపు ఎందుకుండదు? మీ టీ కప్పుకు ఉంది కదా!"

"అప్పట్లో మనోళ్లకు తెలియక" అనే జవాబు నా నోటిదాకా వచ్చింది. ఎందుకంటే నేను నేర్చుకున్నదీ, ఇన్నేళ్లు చెప్పిందీ అదే. ట్రైనింగ్ రోజుల్లో నేను గీసిన చార్టులో మొదట ముతక కుండ, దాని మీద నున్నని కుండ, ఆపైన మెరిసే కుండ, అన్నింటికన్నా పైన పింగాణీ. మెట్లు ఎక్కినట్టు. మన ఇళ్లలోని కుండ ఎప్పుడూ కింది మెట్టు మీదే.

జవాబు మింగేసి, చూద్దాం అన్నాను. ఆ "చూద్దాం" కాస్తా రెండు వేసవి సెలవులు, ఒక పాత ఇనుప డ్రమ్ము, నలభై ఇటుకలు, కమ్మరాయన దగ్గర అడిగి తెచ్చిన ఊదుడు ఫ్యాను దాకా పోయింది.

గాజు పూత అంటే కుండకు అంటుకున్న పలుచని గాజే. గాజుకు మూలం పలుగురాయి. అది ఒక్కటే కరగాలంటే దాదాపు 1700 డిగ్రీల వేడి కావాలి. ఆరుబయట పేర్చి కాల్చే కుమ్మరి వాములో వచ్చేది 600 నుంచి 900 డిగ్రీలు. కాబట్టి పలుగురాయిని తక్కువ వేడికే కరిగించే తోడు ఒకటి కావాలి. ప్రపంచ చరిత్రలో ఆ తోడు ముఖ్యంగా మూడు రకాలు: సోడా వంటి క్షారాలు, సీసం, వెలిగారం. గాజు పూత కథంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

అన్నింటికన్నా పాతది క్షారం. ఈజిప్టులో ఆరు వేల ఏళ్ల కిందటే మెత్తని బలపపు రాయి పూసలకు నీలిపచ్చ పూత వేశారు. మన ఉపఖండంలో హరప్పా, మొహెంజోదారో వాళ్లు పలుగురాయి పొడితో చేసిన మెరిసే గాజులు, పూసలు తొడుక్కున్నారు. ఆ రంగు రాగిది. గమనించండి, వాళ్లకు ఆ విద్య చేతిలోనే ఉంది. అయినా వండుకునే కుండకూ నీళ్ల కుండకూ ఆ పూత వేయలేదు. మెరుపు ఒంటి మీదికి, కుండ పొయ్యి మీదికి. నా చార్టు మెట్లు కదలడం అక్కడే మొదలైంది.

ఇక మా డ్రమ్ము సంగతి. మొదటిసారి తడి ఆరని కుండలు పెట్టి పటాసుల్లా పేల్చుకున్నాం. రెండోసారి నా తెలివి: చైనాలో కట్టె బూడిదే కరిగి పూత అయిందని చదివాను కదా, మన పొయ్యి బూడిద తక్కువా అని నీళ్లలో కలిపి పూశాను. తెల్లారి తీస్తే బూడిద బూడిదగానే ఉంది, ఊదితే ఎగిరిపోయింది. చైనా కొలిమిలో 1200 డిగ్రీలు దాటుతుంది, మాది నారింజ ఎరుపు దగ్గరే ఆగిపోయింది. మా దగ్గర కొలిచే సాధనం లేదు, నిప్పు రంగే లెక్క. మసక ఎరుపు అయితే 700, నారింజ అయితే 900 దగ్గర.

మూడోసారి పిల్లలే దారి చూపారు. విరిగిన గాజు గాజులు డబ్బాడు ఏరి తెచ్చారు. మూతికి గుడ్డ కట్టుకుని నేనూ మా వంట అక్కా దంచి, కంసాలి వాడే వెలిగారం కలిపాం. వెలిగారం నీళ్లలో కరిగి కుండలోకి ఇంకిపోయింది, పైన పొక్కులు మిగిలాయి. తర్వాత తెలిసింది, రెండింటినీ ముందు మూసలో కరిగించి, నీళ్లలో పోసి, గడ్డను మళ్లీ నూరి పూయాలని. అలా చేశాక, పాత మోటారు తీగ కాల్చగా రాలిన నల్లపొట్టు చిటికెడు కలిపితే, తెరిచిన రోజు చిన్న ప్రమిద మీద నీలిపచ్చ మెరిసింది. పిల్లల కేకలకు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అయితే వారం తిరిగేలోపు ఆ పూతంతా సన్నని చీలికలు. చల్లారేటప్పుడు మట్టి ముడుచుకునే తీరు వేరు, గాజు ముడుచుకునే తీరు వేరు.

ఇదంతా విన్న తెలిసినాయన ఒకరు, "ఇంత తంటా ఎందుకమ్మా, ఇది పూయండి, అద్దంలా వస్తుంది, స్టాల్లో పెడితే అమ్ముడుపోతుంది" అని ఎర్రటి పొడి పొట్లం ఇచ్చారు. సీస సిందూరం. నిజం చెప్పాలంటే రెండు రోజులు నా బీరువాలో పెట్టుకున్నాను. ఆశ పడ్డాను.

సీసపు పూత సులువైనది. తక్కువ వేడికే కరుగుతుంది, మట్టికి బాగా పట్టుకుంటుంది, చీలికలు తక్కువ. అందుకే రెండు వేల ఏళ్ల కిందట రోమన్లూ, చైనాలో హాన్ రాజుల కాలం వాళ్లూ దాన్ని వాడారు. జైపూర్ నీలి పాత్రల సంప్రదాయ పూతలోనూ అది ఉండేది. 1922లో పుట్టిన కృపాల్ సింగ్ షెఖావత్ మళ్లీ నిలబెట్టిన ఆ కళ ఎంతో అందమైనది, అయితే అది ప్రధానంగా అలంకారానికి. సరిగా కాలని సీసపు పూతలో పులుపు పోస్తే సీసం కూరలోకి దిగుతుంది. చింతపండు పులుసు లేని రోజు మన ఇళ్లలో ఎన్ని? మెక్సికోలో అలాంటి మట్టి పాత్రల్లో వండుకున్న కుటుంబాల రక్తంలో ఈనాటికీ సీసం కనిపిస్తోంది. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కార్ఖానాల్లో పాత్రలను సీసపు నీళ్లలో ముంచే పని చేసినవాళ్లలో ఆడవాళ్లు, వయసు రాని పిల్లలు ఎందరో. మణికట్లు వాలిపోయాయి, కడుపులు పోయాయి. నా చార్టులో పై మెట్టు మీద ఉన్న తెల్ల పాత్ర వెనుక ఉన్న చేతులవి. నా పాఠంలో వాటి మాటే లేదు.

పొట్లం తిరిగి ఇచ్చేశాను. ఆయన నొచ్చుకున్నారు.

మన కుండ దగ్గరికి వస్తే, ఒక మాట దాచకుండా చెప్పాలి. మన ప్రాంతంలో "మన కుండ" అంటాం కానీ దాన్ని చేసింది కుమ్మరి. నాగోబా కుండలూ సిరికొండ కుమ్మరుల చేతివే. ఆదివాసీకీ కుమ్మరికీ మధ్య ఉన్న ఆ బంధం కూడా చరిత్రే. మణిపూర్‌లో ఉఖ్రుల్ జిల్లా లాంగ్‌పీలో మాత్రం తంగ్‌ఖుల్ నాగాలు తామే చేస్తారు. సారె లేకుండా, రాతి పొడీ మట్టీ కలిపి చేసి, మంటలోంచి తీసిన వేడి మీదే ఒక చెట్టు ఆకుతో రుద్దుతారు. నల్లగా నిగనిగలాడుతుంది. గాజు లేని మెరుపు.

మన నేల మీదా అలాంటి విద్య ఉంది. తెలంగాణలో జనం రాక్షస గుళ్లు అని పిలిచే ఇనుప యుగపు సమాధుల్లో దొరికే కుండలు చూడండి. లోపలా మూతి దగ్గరా నలుపు, కింద ఎరుపు. గాలి తగిలినచోట ఎర్రబారింది, పొగ కమ్మినచోట నల్లబడింది. రాయితో రుద్దిన నునుపు ఈనాటికీ చేతికి తెలుస్తుంది. నిప్పును అంతగా అదుపులో పెట్టినవాళ్లను "తెలియనివాళ్లు" అని ఎలా అంటాం?

ముతకదనం కూడా ఊరికే వచ్చింది కాదు. మట్టిలో ఇసుక, ఊక వంటివి కలిపేది కుండ మంట దెబ్బకు తట్టుకోవాలనే. సన్నని రంధ్రాల్లోంచి తేమ ఊరి ఆరుతుంది కాబట్టే మే నెలలో నీళ్లు చల్లగా ఉంటాయి. పూత వేసి ఆ రంధ్రాలు మూస్తే చల్లదనం పోతుంది. వంట కుండకు రంధ్రాలు మూయాలంటే మా అమ్మ చేసిన పని చాలు: కొత్త కుండను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు అందులో గంజి కాచేది.

ఆ పిల్లకు ఈ సంగతులన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాను. అంతా విని, "అయితే మేడం, పూసలకు వేద్దాం, కుండకు వద్దు" అంది. ఇప్పుడు మా డ్రమ్ములో కాలుతున్నవి పూసలు, ప్రమిదలే. పూత వెలిగారందే. నీలిపచ్చ బాగా కుదురుతోంది, ఎరుపు ఇంకా చేతికి రాలేదు.

వచ్చే వేసవిలో ఎరుపు నలుపు కుండను కాల్చి చూడాలని ఉంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు జాజు పూత, రాయితో రుద్దడం, పొగ పెట్టడం, కొత్త కుండను అలవాటు చేయడం గురించి ఏది తెలిసినా అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి మన సంఘానికి పంపండి. మా పిల్లలు ఒక నోటుబుక్కు తెరిచి పెట్టారు. మొదటి పేజీలో మా అమ్మ గంజి సంగతి రాశారు.