కొలతలు నిలిపిన కట్టడములు

2019వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలమున పారిస్ నగరమందలి నోత్రదాం దేవాలయమునకు నిప్పంటుకొనెను. మధ్యయుగమునాటి ఓక్ దూలముల కప్పు బూడిదయయ్యెను, శిఖరము కూలెను.

దానికి తొమ్మిదేండ్ల పూర్వమే ఆండ్రూ టాలన్ అను కళాచరిత్రకారుడు లేసర్ యంత్రమును ఏబదికి మించిన తావులందు నిలిపి ఆ కట్టడమును కొలిచియుండెను. కిరణము రాతిని తాకి మరలివచ్చుటనుబట్టి యంత్రము దూరమును గణించును. అట్టి బిందువులు వందకోట్లకు పైగా చేరి, స్తంభముల వరుసలోని వంకరను సైతము చూపెను. టాలన్ 2018లో మరణించెను. తన కొలతలకు గలిగిన అక్కఱను చూడడయ్యెను. కప్పు కొయ్యపనికి మాత్రము 2014లో ఇరువురు వాస్తుశిల్పులు కొలిచి గీచిన పటములే ఆధారమైనవి. వడ్రంగులు గొడ్డళ్లతో దూలములు చెక్కిరి. 2024 డిసెంబరులో దేవాలయద్వారములు మరల తెరువబడెను. యంత్రముకంటె ముందు కొలువవలెనను బుద్ధి యుండవలెనని నా తలంపు.

మన అమరావతి స్తూపమున కా బుద్ధి ఆలస్యముగ లభించెను. 1816లో కాలిన్ మెకంజీ మరల వచ్చునప్పటికే అనేక శిలలను జనులు తమ కట్టడములకు గొనిపోయి యుండిరి. మిగిలినవానిని ఆయన పరివారము కొలిచి పటములు గీచెను. వానిలో కొన్ని శిలలు నేడు కానరావు. రూపు కాగితముపై నున్నది. లండనునందును చెన్నపట్టణమందును చెదరియున్న పలకలను లేసరుతో కొలిచి, ఈ పటముల సాయమున ఒక్క నమూనాయందు కూర్చుట నేడు సాధ్యమే. మెకంజీకి ముందే పోయిన రాళ్లకు ఆ యుపాయమును లేదు.